ఎడమచేతి ముడి

ఆటు వేళకి మా ఆఫీసు తెరుచుకుంటుంది.
గోడల్లేవు, గడియారం లేదు.
మోకాలి లోతు నీళ్ళు, వరసగా గుంజలు,
గుంజకీ గుంజకీ మధ్య తాడు,
తాడు పొడవునా జానెడుకొక నాచుకొమ్మ.

జాంజిబార్ తూర్పు తీరాన పందొమ్మిది మంది ఆడవాళ్ళం.
లెక్కల పుస్తకం నాది.
ఎవరి మూట ఎంత తూగిందో చెప్పగలను,
ఎవరి కడుపులో ఏముందో ఏ కాటాకి అందుతుంది?

ఎండిన నాచు సంగతి సరే,
జువేనాకీ మ్వనకోంబోకీ మధ్య
నీళ్ళోడే పచ్చినాచు వేసినా భగ్గుమనేది.

గాలివాన రాత్రి జువేనా తాళ్ళు పదకొండు కొట్టుకుపోయాయి.
తెల్లారి మ్వనకోంబో గుంజలకి చుట్టుకుని ఉన్నాయట.
"సముద్రం ఇచ్చింది, తీసుకున్నాను" అని ఆవిడ.
"సముద్రానికి చేతుల్లేవు" అని ఈవిడ.
ఆ రెండు మాటల మీద పద్నాలుగు నెలలు నడిచాం.

ఆరబెట్టే పందిళ్ళు రెండయ్యాయి.
టీ గిన్నెలు రెండయ్యాయి.
సరుకు కొనే మనిషి రెండు కుప్పలూ చూశాడు,
దీని ధర దానికి చెప్పి, దాని ధర దీనికి చెప్పి,
కిలోకి వంద షిల్లింగులు కోసి
నవ్వుకుంటూ బండెక్కాడు.
ఆ నవ్వుకి
ఆ నెలంతా మా ఇళ్ళల్లో చేపముక్క లేదు.

అప్పుడు మిజే, మాలో పెద్దది, పంచాయితీ నీళ్ళల్లో పెట్టింది.
"ఒడ్డున కూర్చుంటే మాటకి అంతుండదు,
ఇక్కడైతే పోటు వచ్చి లేపేస్తుంది" అంది.
"నీ గోడు నువ్వు చెప్పుకోవద్దు.
దాని గోడు నువ్వు చెప్పు.
అది అవునన్నదాకా చెప్పు."

జువేనా మూడుసార్లు మొదలెట్టి మూడుసార్లు మింగింది.
"నేను... కాదు, ఆవిడ...
ఆ నెల ఆవిడ నాచు సగం తెల్లబడి చచ్చింది.
అప్పుంది."
"దేని అప్పు?" మిజే.
జువేనాకి తెలీదు.
మ్వనకోంబో నీళ్ళకేసి చూస్తూ
"పడవది" అంది.
పద్నాలుగు నెలల్లో
ఆమెతో ఈమె అన్న మొదటి మాట అదే:
పడవది.

మ్వనకోంబో వంతు వచ్చింది. గడగడా చెప్పింది.
"దాని పిల్లాడికి జ్వరం. ఆ వారమంతా ఆసుపత్రి వరండాలో పడుకుంది.
తాళ్ళు చూసుకునే దిక్కులేదు.
తిరిగొచ్చేసరికి..."
తిరిగొచ్చేసరికి దగ్గర ఆగింది.
నీళ్ళు మోకాలు దాటాయి.
"తిరిగొచ్చేసరికి నేను కోసి అమ్మేశాను.
ఎవరివో తెలీదన్నాను అందరితో.
ముడులు చూశాను.
మనలో ఎడమచేత్తో ముడేసేది అదొక్కతే."

ఎవరం కదల్లేదు.
పుస్తకం ఒడ్డున ఉండిపోయింది, మంచిదైంది.

జువేనా క్షమించలేదు, అది కూడా చెప్పాలి.
"పదకొండు తాళ్ళ డబ్బు. నాలుగు విడతలు."
"ఆరు."
"అయిదు" అంది మిజే,
న్యాయం ఆలోచించి కాదు,
నీళ్ళు నడుం దాకా వచ్చాయని.

పందిళ్ళు ఇంకా రెండే.
టీ గిన్నె మాత్రం ఒకటయింది,
పంచదార ధర వల్లేనని ఇద్దరూ ఒట్టేసి చెబుతారు.

మొన్న మళ్ళీ పిల్లాడికి ఒళ్ళు కాలింది, జువేనా రాలేదు.
మర్నాడు చూస్తే ఆమె తాళ్ళనిండా కొత్త కొమ్మలు,
అన్నీ కుడిచేతి ముడులు.
ఎవరు కట్టారో నేను పుస్తకంలో రాయలేదు,
ఆ గడి ఖాళీగా ఉంది.

జువేనా వంగి తాడు పొడవునా వేలితో తడిమింది.
"వదులుగా ఉన్నాయి" అని గొణిగింది.
ఒక్కటంటే ఒక్కటి విప్పి
తన చేత్తో కట్టుకుంది.
మిగతావి
అలాగే ఉంచింది.